ఉన్నవి, కావలసినవి

"మూత పడట్లేదండీ. ఎంత నొక్కినా పడట్లేదు. కావాలంటే మీరే చూడండి," అన్నాడు వ్యాను డ్రైవరు.

పెట్టెలాయన వంగి నొక్కాడు. ఆయన కార్ఖానా వాకిట్లో పన్నెండు గాజు సీసాలు నింపిన అట్టపెట్టె ఒకటి ఉంది. పై రెక్కలు దగ్గరకు తెచ్చి అరచేత్తో అదిమితే ఒక్క క్షణం బుద్ధిగా కూర్చున్నాయి. చెయ్యి తియ్యగానే లేచి నిలబడ్డాయి. మళ్ళీ అదిమాడు. మళ్ళీ లేచాయి. వారం రోజులుగా ఈ ఇంట్లో పిల్లలే ఎదురు చెబుతున్నారనుకుంటే, ఇప్పుడు పెట్టెలు కూడా మొదలుపెట్టాయి.

"మూడు వేలూ ఇంతేనా?"

"మా గోడౌన్లో ఇరవై విప్పి చూశారు. ఇరవయ్యీ ఇంతే. రేపు సాయంత్రానికి మూతపడే పెట్టెలు రావాలట. రాకపోతే ఇంకో కార్ఖానా చూసుకుంటామన్నారు. సీసాలన్నీ నేల మీదే ఉన్నాయండీ, కాలు పెట్టే చోటు లేదు."

కట్టలు దింపేసి వ్యాను వెళ్ళిపోయింది. వాకిలి నిండా మడిచిన పెట్టెల కట్టలు. వాటి మధ్య పెట్టెలాయన, ఆయన ఎదురుగా కొడుకు. కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి వచ్చి నెల రోజులైంది. ఆ నెల నుంచీ పనివాళ్ళందరికీ అతను 'ఇంజనీరు'. మొదట్లో ముద్దుగానే పిలిచారు.

"ఇంజనీరు గారూ!" అన్నాడు తండ్రి. ఆ 'గారూ' చెంపదెబ్బకి తక్కువ కాదు. "ఇదేనా నాలుగేళ్ళు చదివింది?"

"డ్రాయింగు కరెక్టే నాన్నా. సీసా ఎత్తు నేనే కొలిచాను. కింది మడత గీత నుంచి పై మడత గీతకి సరిగ్గా అంతే పెట్టాను."

"సరిగ్గా పెడితే మూత ఎందుకు పడదురా?"

తండ్రి తల తిప్పి కోత బల్ల వైపు చూశాడు. జవాబు లేనప్పుడల్లా ఆ ఇంట్లో అందరూ చూసేది అటే. అక్కడ పెద్దకూతురు ఉంటుంది. పనివాళ్ళు పెట్టిన పేరు కొలతమ్మ. వేళ్ళ మధ్య పట్టుకుని అట్ట మందం చెప్పేస్తుంది. ఇరవై రెండేళ్ళది.

కొలతమ్మ వచ్చి పెట్టె వైపు చూసింది. ముట్టుకోలేదు.

"అట్ట మందం కలపలేదు," అంది. "కింద రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి, పైన రెండు పడతాయి. ఆ మందమంతా ఎక్కడికి పోతుంది? లోపల సీసాకే చోటు తగ్గింది."

"ఎంత తగ్గింది?"

"చిటికెన వేలి గోరంత."

"గోరంత!" తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, ఆ మాత్రం కాలేజీలో చెప్పలేదా?"

"అక్కడ ఇనుము గురించి చెప్తారు నాన్నా. అట్టపెట్టెల గురించి ఎవరు చెప్తారు?"

ఎవరో పనివాడు కిసుక్కున నవ్వి, నవ్వినందుకు దగ్గాడు.

"తెలీకపోతే అక్కని అడగొచ్చు కదా! నోరు లేదా?"

కొడుకు అక్క వైపు ఒక్కసారి చూసి, నీళ్ళు నమిలాడు. కొలతమ్మ చూపు తిప్పుకుంది.

"సరే, జరిగిందేదో జరిగింది," అన్నాడు పెట్టెలాయన, కాస్త గొంతు తగ్గించి, కూతురితో. "నువ్వేం చేస్తావో నాకు తెలీదు. రేపు సాయంత్రానికి ఇవి మూతపడాలి."

"రేపు నేను ఉండను నాన్నా."

లోపల పెట్టెలకి పిన్నులు కొట్టే కుట్టు మిషన్లు రెండు ఒకేసారి ఆగాయి. పనివాళ్ళ చెవులన్నీ వాకిట్లోనే ఉన్నాయి.

"లోపలికి రా," అన్నాడు పెట్టెలాయన.

*

కార్ఖానాకి ఒక మూలగా చెక్క గోడ కట్టి, దానికి ఒక అద్దం కిటికీ పెట్టి, దాన్ని ఆఫీసు గది అంటారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనప బీరువా. బీరువా తాళంచెవి ఎప్పుడూ పెట్టెలాయన జేబులోనే. ఎదురుగా గోడకి మేకు కొట్టిన అట్ట షీటు, దాని మీద ఆయన చేతిరాత.

కొలతమ్మ నిలబడే ఉంది. తమ్ముడు గుమ్మం దగ్గర ఆగాడు. అతని వెనక తల్లి. ఆవిడ జిగురు తొట్టి దగ్గర్నుంచి లేచి అలాగే వచ్చింది. వేళ్ళకి జిగురు తెల్లగా ఎండి పొలుసులు కట్టింది.

"పోయిన వారమే చెప్పాను," అంది కూతురు. "కాలేజీ వాళ్ళు పంపిన కాయితం కూడా చూపించాను. రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల ఇంటర్ అసలు సర్టిఫికెట్టు పట్టుకుని అక్కడ కనబడాలి. లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పొద్దున ఆరింటికి బస్సు."

"పోయిన వారం ఈ పెట్టెలు తిరిగి రాలేదు."

"పోయిన వారం కూడా మీరు సరే అనలేదు."

"లెక్కలు చదివి ఏం చేస్తావే?" ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "మిషన్ల చదువు వాడు చదివాడు. జమాఖర్చుల చదువు నీ చెల్లి, చిన్నది, చదువుతుంది. ఈ లెక్కలు మన పనికి ఏ మూలకి?"

"మన పనికి కాదు. నాకు."

"నాకు, నీకు అని ఈ ఇంట్లో ఎవరు చదివారే? వాడు పశువుల డాక్టరవుతానని ఏడ్చాడు. ఒప్పుకున్నానా? ఈ పని పెరగాలంటే ఏం కావాలో చూసి, ఆ చదువు చదివించాను. రేపు చిన్నదాన్నైనా అంతే."

గుమ్మం దగ్గర కొడుకు తల వంచుకున్నాడు. ఆ ఏడుపు సంగతి తండ్రికి ఇంకా గుర్తుందని అతను అనుకోలేదు.

"నాలుగేళ్ళ కిందట మీరు నాతో ఏమన్నారు?" అంది కొలతమ్మ. "రెండో కోత మిషన్ కొన్నాం, చూసేవాళ్ళు లేరు, వాడి చదువయ్యేదాకా ఓపిక పట్టు, వాడు రాగానే నువ్వు వెళ్ళు అన్నారు. వాడు వచ్చాడు. నా ఓపిక కూడా అయిపోయింది."

"వచ్చాడు! చూశావుగా వచ్చి ఏం చేశాడో!"

"వాడు చెయ్యకపోతే నేను ఆగిపోవాలా? వాడు నేర్చుకునేలోపు చిన్నది డిగ్రీకి వెళ్తుంది. అప్పుడు ఆ వంక. ఆ తర్వాత షెడ్డు. మీకు వంకలు తక్కువా?"

"నోరు లేస్తోందే నీకు!"

"ఇన్నాళ్ళూ లేవలేదు. దానికి మీరేమిచ్చారు?"

పెట్టెలాయన కుర్చీలో కూలబడ్డాడు. కోపం వస్తే అరుస్తాడు, భయం వస్తే కూర్చుంటాడు. కాసేపు అద్దంలోంచి కోత బల్ల వైపు చూశాడు.

"సరే, వెళ్ళు," అన్నాడు. "నిన్ను కట్టేసి ఉంచగలనా? నువ్వు పోతే ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడాలో అది కూడా చెప్పి వెళ్ళు. బయటివాళ్ళకి ఆ పని నేర్పితే ఏడాది తిరక్కుండా పక్క కార్ఖానాలో తేలతారు. చిన్నదాన్ని నిలబెట్టనా? కాలేజీ మానిపించి?"

వేళ్ళ మీది జిగురు గిల్లుకుంటున్న తల్లి చేతులు ఆగిపోయాయి.

"చిన్నది ఇంకా రాలేదేం?" అంది ఆవిడ, ఎవరితోనూ కాకుండా. "పరీక్ష ఈపాటికి అయిపోవాలే."

ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎవరూ జవాబివ్వరు. ఆవిడ కూడా ఎదురుచూడడం మానేసి చాలా ఏళ్ళయింది.

*

"చిన్నదాన్ని ఎందుకు నిలబెడతారు?" అంది కొలతమ్మ. "అదిగో, అక్కడ చూసుకోండి. నేను ఉన్నాను కదా."

గోడ మీది అట్ట షీటు చూపించింది. కొత్త షెడ్డు కోసం పెట్టెలాయన పది రోజుల కిందట కూర్చుని రాసిన ప్లాను అది. పైన పెద్దక్షరాలతో 'కొత్త షెడ్డు'. దాని కింద 'నడిపేవాడు: అబ్బాయి'. ఆ కింద రెండు వరసలు. ఒక వరసలో కావలసినవి: ముద్రణ మిషన్ ఒకటి, వ్యాను ఒకటి, జమాఖర్చులు చూడ్డానికి చిన్నమ్మాయి డిగ్రీ. రెండో వరసలో ఉన్నవి.

కొలతమ్మ పైకి చదివింది.

"కోత మిషన్లు రెండు. కుట్టు మిషన్లు మూడు. జిగురు తొట్టి. పెద్దమ్మాయి."

తండ్రి తలెత్తి ఆ వరస చూశాడు.

"అందులో తప్పేముంది?" అన్నాడు తండ్రి. "నువ్వు ఉన్నావన్న ధైర్యంతోనే కదా షెడ్డు మాట ఎత్తాను?"

"జిగురు తొట్టి కింద రాశారు నాన్నా."

"పైన చోటు లేక అక్కడ రాశాను!"

ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే పైన చోటు లేదు. పైనంతా కొడుకు పేరు పరుచుకుని ఉంది. కూతుర్ని చులకన చెయ్యాలని ఆయన అలా రాయలేదు. ఇష్టంగా, భరోసాగా రాశాడు. తిట్టినా బాగుండేది. తిట్టిన వాళ్ళతో పోట్లాడొచ్చు.

"అందరం కలిసి నిలబెట్టుకున్న పని ఇది," అన్నాడాయన, ఇంకా మెత్తగా. "మీ తాత చేత్తో కోసి, చేత్తో అతికి మొదలుపెట్టాడు. వాడంటే కొత్తవాడు, తప్పు చేశాడు. నువ్వు ఒక్కసారి ఆ నమూనా చూసి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

నమూనా సంగతి చెప్పాలి. ఆ కార్ఖానాలో ఏ కొత్త పెట్టెకైనా ముందు తెల్ల అట్టతో చేత్తో ఒకటి చేస్తారు. అందులో సరుకు పెట్టి, మూత వేసి, కుదిరితే పై రెక్క లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట పెన్సిలుతో చిన్న టిక్కు పెడతారు. టిక్కు లేకుండా మిషన్ తిరగకూడదు. తాత పెట్టిన కట్టడి అది. ఆ పెన్సిలు కోత బల్లకి దారంతో కట్టి ఉంటుంది. పద్నాలుగో ఏట నుంచీ ఆ టిక్కు కొలతమ్మది. ప్లాను రాసిన రోజే పెట్టెలాయన పనివాళ్ళందరినీ పిలిచి, "ఇకనించీ టిక్కు ఇంజనీరుది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొలతమ్మ కూడా కొట్టింది.

"చూశాను," అంది కొలతమ్మ.

"ఏంటి?"

"నమూనా చూశాను. వాడే తెచ్చి చూపించాడు. 'అక్కా, సీసా ఆఫీసు గదిలో ఉండిపోయింది, ఊరికే ఒకసారి చూడు' అన్నాడు. చూడగానే తెలిసింది, మూత పడదని. టిక్కు నీది కదా, పెట్టెయ్ అన్నాను."

తమ్ముడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"తెలిసే అన్నావా అక్కా?"

అతను ఇందాక వాకిట్లో అన్ని తిట్లు తిని కూడా అక్కని అడిగానని చెప్పలేదు. తొందరలో ఉండి అక్క సరిగ్గా చూడలేదనుకున్నాడు. అక్క మీదికి మాట రానివ్వకూడదనుకున్నాడు. కొలతమ్మకి అప్పుడు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"తెలిసే అన్నాను."

"మన పని చేతులారా పాడు చేసుకుంటావా?" తండ్రి లేచాడు. "ఎలా బుద్ధి పుట్టిందే నీకు?"

"తప్పు కొలత ఇస్తే కోత మిషన్ ఆగుతుందా నాన్నా? ఇచ్చిన కొలతకి కోస్తుంది. దాన్ని ఎప్పుడైనా అడిగారా, ఎలా బుద్ధి పుట్టిందని?"

పెట్టెలాయన చెయ్యి లేచింది. లేచినది సగంలో ఆగి, తన తలే నిమురుకుంది.

తమ్ముడే అన్నాడు, నేల చూస్తూ, "ఇప్పుడు వీటిని ఏం చెయ్యాలో అదైనా చెప్తావా అక్కా? లేక అదీ చెప్పవా?"

*

చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. అదే ఆమె ఖర్మ.

"పై రెక్కలు నాలుగూ గీత వెంబడి కోసెయ్. కింది భాగం తొట్టెలా మిగులుతుంది. పైకి విడిగా టోపీ లాంటి మూత చెయ్. ఆ టోపీ పెట్టె బయటి నుంచి దిగాలి. కాబట్టి పెట్టె బయటి కొలత తీసుకో, లోపలిది కాదు. మడత గీతల దగ్గర అట్ట మందం కలుపు. ఇంకొక్క నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు, వదులు ఇవ్వు."

"ఎత్తు?"

"నాలుగు వేళ్ళు చాలు. ఎక్కువైతే అట్ట వేస్టు."

ఆమె బల్ల దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఆఫీసు గది గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు గీశాడు, కోశాడు, మడిచాడు. మొదటి టోపీ బిగుతైంది. అక్క వైపు చూశాడు. ఆమె పెదవి విప్పలేదు. తనే తల గోక్కుని, గీత జరిపి మళ్ళీ కోశాడు. రెండోది సీసాల మీదికి దిగి, అంచు దాకా జారి, కూర్చుంది. పెట్టెని తలకిందులు చేసి ఊపాడు. ఊడలేదు.

పనివాళ్ళు హమ్మయ్య అన్నారు. పెట్టెలాయన మొహం విచ్చుకుంది. గంట కిందటి కోపమంతా ఏ గాలికి పోయిందో, గబగబా వచ్చి కూతురి భుజం పట్టుకున్నాడు.

"చూశావా? నువ్వు గుమ్మంలో నిలబడి చెబితేనే ఇలా ఉంది! ఇలాంటి బుర్రని చేతులారా బస్సెక్కించమంటావా? నువ్వే చెప్పు, ఏ తండ్రైనా పంపిస్తాడా?"

కొలతమ్మ నవ్వింది. ఏడవలేక నవ్వింది. చెప్పకపోతే ఇంటికి ద్రోహి. చెబితే ఇంటికి ఆధారం. రెండింటిలో ఏదైనా రేపు పొద్దున బస్సు తప్పుతుంది.

కోత బల్ల దగ్గరికి వెళ్ళి, దారానికి వేలాడుతున్న పెన్సిలు తెంపింది. టిక్కు పెట్టబోతోందనుకుని తమ్ముడు టోపీ మూత తిరగేసి ముందుకు చాపాడు.

"అది నీదేరా," అంది. "ఈసారి నిజంగానే నీది. పెట్టుకో."

పెన్సిలు పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. గోడ మీది అట్ట షీటు మీద, ఉన్నవి అన్న వరసలో, ఆఖరి మాటని అడ్డంగా కొట్టేసింది. ఒకసారి కాదు, అట్ట పైపొర చిరిగేదాకా కొట్టేసింది.

పెట్టెలాయన గుమ్మంలో నిలబడి అంతా చూశాడు; ఆయన వెనకే కొడుకూ వచ్చాడు. ఇంతసేపు ఆమె మాట్లాడినవి ఆయన చెవుల దగ్గరే ఆగిపోయాయి గానీ, తన చేతిరాత మీద పడ్డ గీత మాత్రం సూటిగా తగిలింది. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టయింది. జేబులో చెయ్యి పెట్టాడు. బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పడేశాడు.

"తీసుకుపో," అన్నాడు. "సర్టిఫికెట్టు తీసుకో. పొద్దున నేను లేచేసరికి కనబడకు."

ఆశీర్వాదం కాదది. అయినా తాళంచెవే. కొలతమ్మ దాన్ని అందుకుంది. ఒకసారి తాళం తప్పి, రెండోసారికి తిరిగింది.

పై అరలో మందపాటి కాయితం కవరు. దాని మీద తన చేతిరాత. నాలుగేళ్ళ కిందట, ఇవాళో రేపో అవసరం పడుతుందని జాగ్రత్తగా పెట్టుకున్నది. విప్పింది. స్కూలు గ్రూపు ఫొటో ఉంది. ఏదో పోటీలో ఇచ్చిన ప్రశంసాపత్రం ఉంది. సర్టిఫికెట్టు లేదు.

కవరు దులిపింది. అర వెతికింది. కింది అరలో కట్టలన్నీ తీసి చూసింది.

"ఎక్కడ పెట్టారు నాన్నా?"

"నేనెందుకు తీస్తానే?" అన్నాడాయన, అయోమయంగా. "నాలుగేళ్ళలో ఆ కవరు ముట్టుకోలేదు. ఒట్టు."

నిజమే చెబుతున్నాడు. ఆయన మొహంలో అబద్ధం దాగదు. కొలతమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా చొక్కా జేబులోవన్నీ తీసి పక్కన పెట్టేది ఒక్క మనిషే.

తల్లి గుమ్మం దగ్గరే ఉంది. ఇందాకటి నుంచీ కదల్లేదు.

"అమ్మా?"

"నేనే తీశాను," అంది తల్లి.

ఇద్దరు మగవాళ్ళూ ఆవిడ వైపు చూశారు. ఆ గదిలో అందరూ ఆవిడ మాట విన్నది అదే మొదటిసారి.

"ఎందుకమ్మా?"

"నువ్వు వెళితే ఆ బల్ల దగ్గర దాన్ని నిలబెడతారు. పోయిన వారం మీ నాన్న నాతో అననే అన్నారు. దానికి పదిహేడేళ్ళే." ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. వేళ్ళ మీది జిగురు పొలుసులు ఒక్కొక్కటీ ఊడదీస్తూ, కూరగాయలు ఏరుతున్నంత నిదానంగా చెప్పింది. "ఇద్దర్లో ఒక్కదాన్నే బయట పడెయ్యగలను. నువ్వు ఇప్పటికే నాలుగేళ్ళు ఇచ్చేశావు. పోయినవి ఎలాగూ పోయాయి. దానివి ఇంకా పోలేదు కదే."

"ఎక్కడ పెట్టావమ్మా?"

"ఇస్తాను," అంది తల్లి. "రేపు పన్నెండు దాటాక ఇస్తాను."

వాకిట్లో గేటు చప్పుడైంది. పెట్టెల కట్టల మధ్య నుంచి దారి చేసుకుంటూ, పుస్తకాల సంచీ ఊపుకుంటూ చిన్నది పరుగెత్తుకొస్తోంది. దాని గొంతు కార్ఖానా అంతా వినబడింది.

"అక్కా! లెక్కల పేపరు! నువ్వు రాత్రి చెప్పినవే వచ్చాయే! ఒక్కటి కూడా వదల్లేదు!"